పాడిల్ గట్టున చెట్ల తగాదా వెనక 1244 నాటి ఉత్తరువు

ఐర్లండ్ రాజధాని డబ్లిన్ దక్షిణ శివార్లలో పాడిల్ నది వెంట వరద గోడలు కట్టాలా, వాటికి అడ్డొచ్చే చెట్లను నరకాలా అన్న వాదనలో ఒక మాట పదేపదే వినిపిస్తుంది: నదిని దాని మానాన వదిలేయండి. అయితే ఈ నది తన మానాన పారి దాదాపు ఎనిమిది శతాబ్దాలు కావస్తోంది. నగరానికి డబ్లిన్ అన్న పేరు తెచ్చిన నల్లమడుగు ఇది లిఫీ నదిలో కలిసే చోటే ఉండేదన్న సంగతి అక్కడ బడిపిల్లలకు కూడా తెలుసు కాబట్టి దాని జోలికి పోవడం లేదు. ఒకప్పుడు దీన్ని మురికి అనే అర్థమిచ్చే ‘సలక్’ అన్న పేరుతోనూ పిలిచేవారన్నది మాత్రం గుర్తుంచుకోదగ్గది.

1244 ఏప్రిల్‌లో రాజప్రతినిధి మారిస్ ఫిట్జ్‌జెరాల్డ్ నగరానికి నీళ్లు ఎక్కడినుంచి తేవచ్చో పన్నెండుమందితో విచారణ జరిపి తేల్చమని డబ్లిన్ షెరీఫ్‌ను ఆదేశించాడు. పాడిల్ చిన్నది, నగర అవసరాలకు చాలదు. అందుకని పొరుగున పారే డాడర్ నదికి బాల్‌రాథరీ వద్ద ఆనకట్ట వేసి, కాలువ తవ్వి, ఆ నీటిని పాడిల్‌లోకి మళ్లించారు. మౌంట్ ఆర్గస్ దగ్గర, స్థానికులు రాతి పడవ అని పిలిచే కట్టడంతో ప్రవాహాన్ని రెండుగా చీల్చి ఒక పాయను నగరానికి, మరొకదాన్ని మిల్లుల వైపుకు పంపారు. ఏ మలుపులో ఎంత నీరు పోవాలో నిర్ణయించే అధికారం ఆనాడే మనుషుల చేతికి వచ్చింది. గట్లు, తూములు, పంపకాలు అన్నీ ఆ లెక్క ప్రకారమే సాగాయి.

పద్దెనిమిదో శతాబ్దంలో కాలువల నీరు, 1860లలో వార్ట్రీ జలాశయపు నీరు నగరానికి అందాక తాగునీటికి పాడిల్‌తో పని లేకపోయింది. అప్పటికే తోళ్లు ఊనేవారి, నేతగాళ్ల వ్యర్థాలు మోస్తున్న ఈ ఏటిని ముక్కలుముక్కలుగా కప్పేశారు. టాలా సమీపంలోని కుక్స్‌టౌన్‌లో పుట్టి, టైమన్ పార్కు, కిమ్మేజ్ మీదుగా హెరాల్డ్స్ క్రాస్ చేరే నది, ఆ తర్వాత చాలామటుకు నేల కింద నడిచి, డబ్లిన్ కోట అడుగునుంచి వెలింగ్టన్ క్వే అనే రేవు గోడలోని కటకటాల గుండా లిఫీలో పడుతుంది. పైన కనిపించే భాగంలోనూ ఇళ్లు గట్టు అంచుదాకా వచ్చేశాయి.

2011 అక్టోబరు 24న కురిసిన కుండపోత వాన ఈ ఇరుకును బయటపెట్టింది. హెరాల్డ్స్ క్రాస్‌లో నేలమాళిగ ఇంట్లోకి నీరు చొచ్చుకొచ్చి ఒక మహిళ మరణించింది. వాన జోరందుకున్నప్పుడల్లా గుమ్మం వైపు చూసుకునే దిగువ కుటుంబాలకు గోడ అంటే సౌందర్య చర్చ కాదు. ఎగువన టైమన్ పార్కులో కట్ట పోసి వరదను కాసేపు ఆపడం, దిగువన రావెన్స్‌డేల్ పార్కు, సెయింట్ మార్టిన్స్ డ్రైవ్ వంటి చోట్ల గోడలు కట్టడం అనే పథకం ఆ భయంలోంచి పుట్టినదే.

చెట్లవైపువారి బాధ కాదనలేనిది. టైమన్ చెరువుల్లో హంసలు, నీటికోళ్లు, ఒడ్డున కొంగలు, నీటిలో ముళ్లచేపలు ఉన్నాయి. పాత చెట్టు పోతే దాని చోట నాటిన మొక్క అంత నీడ ఇవ్వడానికి దశాబ్దాలు పడుతుంది. కాకపోతే ఎగువన కట్టతోపాటు నీటిని వడగట్టే చిత్తడి నేలను కూడా పథకంలో చేర్చారన్న సంగతి ఈ వాదనలో తక్కువగా వినిపిస్తుంది. ఇక దిగువన ఇంటికీ నీటికీ మధ్య మిగిలింది చెట్లున్న ఆ సన్నటి పట్టీ ఒక్కటే కాబట్టి, గోడను ఎటు జరపాలన్నా ఎవరో ఒకరి పెరట్లోకే జరపాలి.