కుక్కల నుంచి పిల్లలకు వచ్చే నట్టలు: అపోహలు – వాస్తవాలు

అపోహ: కుక్కను ముట్టుకుంటే పిల్లల కడుపులో పాములు పడతాయి.

వాస్తవం: పశువైద్యుడిగా నేను ఎక్కువగా వినే మాట ఇదే. ఇది నమ్మి కుక్కపిల్లను వీధిలో వదిలేసేవాళ్లున్నారు. దాంతో ఇంకో వీధి మట్టి పాడవడం తప్ప లాభం లేదు. కుక్క పేగుల్లో ఉండే ఈ ఏలికపాము టాక్సోకారా కానిస్. ముట్టుకోవడం కన్నా, దాని గుడ్లు మట్టి చేతులతో నోట్లోకి వెళ్లడమే అసలు సమస్య. ఆ గుడ్లు మలంలో బయటికొచ్చిన రోజే అంటవు. లోపల లార్వా (పిల్ల పురుగు) తయారవడానికి నేలలో రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. కాబట్టి మలాన్ని ఏ రోజుకారోజు ఎత్తేస్తే చాలావరకు పని అయిపోయినట్టే. వదిలేస్తే అది ఎండి, వానకు కలిసిపోతుంది. గుడ్లు మాత్రం ఆ మట్టిలో నెలలు, ఒక్కోసారి ఏళ్లు బతుకుతాయి. బ్లీచింగ్ చల్లినా చావవు.

అపోహ: మా ఇంట్లో కుక్కే లేదు, మాకేం భయం?

వాస్తవం: నాకు టెన్షన్ పెట్టేది పెంపుడు కుక్క కాదు, ఇల్లు కట్టడానికి రోడ్డు పక్కన పోసిన ఇసుక గుట్ట. విజయవాడ పటమటలోనో, సత్యనారాయణపురంలోనో చూడండి. ఎండకు తాళలేక వీధికుక్కలు అందులో గుంత చేసుకుని పడుకుంటాయి, అక్కడే దొడ్డికీ వెళ్తాయి. సాయంత్రం పిల్లలు అదే ఇసుకలో గుల్లలు ఏరి, అవే చేతులతో జంతికలు తింటారు. పని లేనప్పుడు గుట్ట మీద పట్టా కప్పమని మేస్త్రీకి చెప్పండి. పిల్లుల నుంచి కూడా ఇలాంటి పురుగే వస్తుంది.

అపోహ: నెల కూడా నిండని కుక్కపిల్లకు నట్టలెక్కడివి?

వాస్తవం: తల్లి కడుపులోనే వస్తాయి, పాల ద్వారానూ వస్తాయి. మూడో వారానికే గుడ్లు బయటపడతాయి. బొద్దుగా ఉందని మురిసిపోయే ఆ పొట్ట చాలాసార్లు నట్టల పొట్టే. రెండో వారం నుంచి ఎనిమిదో వారం దాకా రెండు వారాలకోసారి, తర్వాత ఆరు నెలల వరకు నెలకోసారి బరువును బట్టి నట్టల మందు వేయించాలి. పాలిచ్చే తల్లిని మర్చిపోకండి.

అపోహ: స్కూల్లో ఆల్బెండజోల్ వేశారుగా!

వాస్తవం: ఆ ఒక్క మాత్ర మనిషి పేగుల్లో ఉండే పురుగులకు. కుక్క నుంచి వచ్చే ఈ పురుగు పిల్లల పేగుల్లో పెద్దదవదు. లార్వాగానే కాలేయం, ఊపిరితిత్తుల్లో తిరుగుతుంది. అందుకే మలపరీక్షలో దొరకదు, ఒకరి నుంచి ఇంకొకరికి అంటదు. చాలామందిలో లక్షణాలే ఉండవు. జ్వరం, దగ్గు, పిల్లికూతలు తగ్గకపోతే, రక్తపరీక్షలో ఇసినోఫిల్స్ (ఒక రకం తెల్ల రక్తకణాలు) ఎక్కువగా ఉంటే, మట్టి తినే అలవాటు గురించీ ఇసుకలో ఆటల గురించీ పిల్లల డాక్టర్‌కు చెప్పండి. ఆల్బెండజోల్ ఆయనా రాయొచ్చు కానీ డోసు, రోజులు వేరు. ఒక కన్ను మెల్లకన్నుగా మారినా, చూపు మసకబారినా ఆగకుండా కంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. లార్వా కంట్లోకి చేరితే చూపు శాశ్వతంగా పోవచ్చు.