తాకట్టుకెళ్లిన సన్మాన ఖడ్గాలు

చిరంజీవులందరికీ మీ తాతయ్య ఆశీస్సులు.

పాతకాలపు అమెరికా సైన్యాధికారి కత్తి ఫోటో పంపి, "తాతయ్యా, దీంతో ఎంతమందిని చంపి ఉంటాడు?" అని అడిగారు కదా. బహుశా ఒక్కరిని కూడా చంపి ఉండడు. పిడికి బంగారు పూత, ఒర నిండా చెక్కడపు పని, ఎవరు ఎవరికి ఇచ్చారో తెలిపే అక్షరాలు ఉన్నాయంటే అది సన్మానం కోసం చేయించిన కత్తి. మన దగ్గర మహాకవికి గండపెండేరం తొడిగినట్టే, అక్కడ గెలిచిన సేనానికి జనం చందాలు వేసుకుని ఖడ్గం బహూకరించేవారు. ఇలాంటి కత్తి కనబడితే నేను ముందు చూసేది దాని మీది పేరు. ఆ పేరుగల మనిషి కథ తెలియకపోతే అది ఖరీదైన లోహం ముక్కే. నాకు బాగా తెలిసిన ఒక మనిషి కథ చెబుతాను వినండి.

ఆయన యులిసిస్ గ్రాంట్. 1822లో ఒహాయోలో పుట్టాడు. సైనిక విద్య చదివి, మెక్సికో యుద్ధంలో పోరాడి, 1854లో ఉద్యోగం వదులుకున్నాడు. ఆ తర్వాత చాలా కష్టాలు పడ్డాడు. సెయింట్ లూయిస్ వీధుల్లో కట్టెలు అమ్మాడు. 1857లో, క్రిస్మస్‌కి రెండు రోజుల ముందు, తన బంగారు గడియారం తాకట్టు కొట్లో పెట్టి 22 డాలర్లు తెచ్చుకున్నాడు. ఆ చీటీ ఇప్పటికీ ఉంది. ఆ రోజుల్లో ఆయన కింద విలియం జోన్స్ అనే బానిస ఉండేవాడు. అమ్ముకుంటే పెద్ద మొత్తమే చేతికొచ్చేది. చేతిలో చిల్లిగవ్వ లేని ఆ మనిషి 1859లో కోర్టుకెళ్లి, కాగితం రాసిచ్చి, అతన్ని విడిచిపెట్టాడు. ఒక మనిషిని సొంతం చేసుకోవడమే తప్పు, అందులో సందేహం లేదు. అయినా అంత అవసరంలో ఉండి కూడా అమ్మకుండా వదిలిపెట్టాడన్న సంగతి నేను మరచిపోలేను.

1860లో గెలీనా అనే చిన్న ఊరు చేరి, తండ్రిగారి తోళ్ల కొట్లో పనికి కుదిరాడు. మరుసటి ఏడాదే ఉత్తరాదికీ దక్షిణాదికీ యుద్ధం మొదలైంది. బానిసత్వాన్ని అంతం చేసిన యుద్ధం అది. గ్రాంట్ ఉత్తరాది తరఫున మళ్లీ సైన్యంలో చేరాడు. 1862 ఫిబ్రవరిలో దక్షిణాదివాళ్ల డొనెల్సన్ కోటను పట్టుకున్నాడు. అప్పుడు ఆయన కింది అధికారులే ఒక కత్తి ఇచ్చారు. యుద్ధం ముగిసేదాకా ఆయన వాడుకున్నది దాన్నే.

రెండో కత్తి కథ విచిత్రంగా ఉంటుంది. 1864 ఏప్రిల్‌లో న్యూయార్క్‌లో, గాయపడిన సైనికుల సహాయం కోసం ఒక పెద్ద సంత పెట్టారు. అక్కడ ఒక ఖడ్గం ఉంచి, ఏ సేనానికి ఇవ్వాలో జనాన్ని ఓటు వేయమన్నారు. ఓటుకి ఒక డాలరు! గ్రాంట్‌కి ముప్ఫై వేల పైచిలుకు ఓట్లు పడ్డాయి. ఆయన తర్వాత నిలిచిన మెక్‌క్లెల్లన్‌కి పద్నాలుగు వేల పైచిలుకు. కత్తి గ్రాంట్‌కి, డబ్బు క్షతగాత్రులకి. ఇంత చక్కటి సన్మానం నేను ఇంకెక్కడా వినలేదు.

మూడోది 1863లో చాటనూగా అనే ఊరి దగ్గర జరిగిన యుద్ధంలో గెలుపుకి గుర్తుగా వచ్చింది. ఇచ్చినవాళ్లు జో డేవిస్ కౌంటీ జనం. గెలీనా ఉన్నది ఆ కౌంటీలోనే. నాలుగేళ్ల కిందట తోళ్ల కొట్లో తమకు సరుకు అమ్మిన మనిషికి, ఆయన పోరాడిన యుద్ధాల పేర్లన్నీ చెక్కించి మరీ ఇచ్చారు.

ఇన్ని కత్తులున్నా, 1865 ఏప్రిల్ 9న అపొమాటాక్స్ అనే ఊళ్లో దక్షిణాది సేనాని జనరల్ లీ లొంగిపోయిన రోజు గ్రాంట్ నడుముకి కత్తే లేదు. ఓడినాయన కొత్త యూనిఫాం వేసుకుని, విలువైన ఖడ్గం ధరించి వచ్చాడు. గెలిచినాయన మామూలు సిపాయి చొక్కాతో, బురద బూట్లతో వచ్చాడు. శత్రు అధికారులు తమ కత్తులు తమ దగ్గరే ఉంచుకోవచ్చని షరతుల్లో తన చేత్తోనే రాశాడు. లీ కత్తి అప్పగించాడని, గ్రాంట్ తిరిగి ఇచ్చేశాడని చెప్పుకునే ముచ్చట వట్టి కల్పన అని ఆయనే తన ఆత్మకథలో తేల్చి చెప్పాడు.

తర్వాత రెండుసార్లు దేశాధ్యక్షుడయ్యాడు. ఆ పాలన మంచిచెడ్డలు ఇంకో ఉత్తరంలో రాస్తాను.

1884 మే నెలలో ఆయన మళ్లీ వీధిన పడ్డాడు. ఫెర్డినాండ్ వార్డ్ అనే వ్యాపార భాగస్వామి వచ్చి, బ్యాంకు మునిగేలా ఉంది, వెంటనే లక్షా యాభై వేల డాలర్లు కావాలన్నాడు. గ్రాంట్ వెళ్లి విలియం వాండర్‌బిల్ట్ అనే కోటీశ్వరుణ్ని అడిగాడు. ఆయన గ్రాంట్ ముఖం చూసి చెక్కు రాసిచ్చాడు. రెండు రోజుల్లో గ్రాంట్, వార్డ్‌ల కంపెనీ దివాలా తీసింది. వార్డ్ చేసిందంతా మోసం.

గ్రాంట్ తలచుకుంటే ఆ నెపం వార్డ్ మీదకి నెట్టేయొచ్చు. నెట్టలేదు. ఇళ్ల కాగితాలతో పాటు మూడు కత్తులూ, పతకాలూ, ప్రపంచయాత్రలో రాజులిచ్చిన కానుకలూ, అన్నీ జాబితా రాసి వాండర్‌బిల్ట్‌కి అప్పగించాడు. మిగతా అప్పులవాళ్లు ఎగరేసుకుపోకుండా వాండర్‌బిల్ట్ వాటిని తన పేర రాయించుకుని, 1885 జనవరిలో గ్రాంట్ భార్య జూలియాకి తిరిగి ఇచ్చేస్తానన్నాడు. అప్పు రద్దు చేస్తానన్నాడు. భార్యాభర్తలిద్దరూ ఒప్పుకోలేదు. చివరికి ఆ గుర్తులన్నీ దేశానికి చెందేలా తేల్చుకున్నారు. అప్పటికే గ్రాంట్ గొంతు క్యాన్సర్‌తో మింగుడుపడని స్థితిలో ఉన్నాడు. ఆ బాధలోనే ఆత్మకథ పూర్తి చేసి, జూలై 23న కన్నుమూశాడు. ఆ పుస్తకం మీద జూలియాకి సుమారు నాలుగున్నర లక్షల డాలర్లు వచ్చాయి.

కెంటకీ ప్రజలు 1864లో ఆయనకిచ్చిన ఇంకో కత్తి ఉంది. దాని మీద ఆయన పొడి అక్షరాలు వజ్రాలతో పొదిగారు. 2007లో అది వేలంలో 16 లక్షల డాలర్లు దాటింది. వాండర్‌బిల్ట్‌కి అప్పగించిన ఆ కత్తులు మాత్రం ఏ వేలానికీ రావు. ప్రజల సొత్తుగా, అమెరికా జాతీయ మ్యూజియంలు నడిపే స్మిత్సోనియన్ సంస్థకి చేరాయి.

ఇట్లు,
మీ తాతయ్య