ట్యాంకులోకి రెండో మనిషి

2023 ఫిబ్రవరి 9న కాకినాడ జిల్లా పెద్దాపురం మండలం జి.రాగంపేటలో, ఒక నూనె ఫ్యాక్టరీ ట్యాంకును శుభ్రం చేసే పనిలో ఏడుగురు చనిపోయారు. ఐదుగురు పాడేరు వైపు నుంచి పనికొచ్చినవాళ్లు, ఇద్దరు పులిమేరు వాళ్లు. అంతకు ఆరేళ్ల ముందు, 2017 మార్చి 30న, మొగల్తూరు దగ్గరి ఆక్వా ప్లాంటులో వ్యర్థాల ట్యాంకు ఐదుగురి ప్రాణాలు తీసింది. ఒక్క ట్యాంకు కడగడానికి అంతమంది దిగడమేంటని పేపర్లో చదివినవాళ్లకు అనిపిస్తుంది. చాలాసార్లు వాళ్లు కడగడానికి దిగరు. ముందు దిగినవాడు పడిపోతే, వాణ్ని పైకి తేవాలని ఒకరి వెనక ఒకరు దిగుతారు.

ఇది పాత కథే. 1895 జులై 1న లండన్ శివారు ఈస్ట్ హామ్‌లోని మురుగునీటి పంపింగ్ స్టేషన్‌లో ఒక కార్మికుడు లోపల పడిపోయాడు. అతని కోసం వెళ్లి మరో నలుగురు పోయారు. గని గాలుల మీద పరిశోధనలు చేసిన శాస్త్రవేత్త జె.ఎస్.హాల్డేన్ దాన్ని పరిశీలించి, హైడ్రోజన్ సల్ఫైడే కారణమన్నారు. కుళ్లిన కోడిగుడ్డు వాసన వేసే ఈ గ్యాస్ 100 పీపీఎం స్థాయికి, అంటే పది లక్షల పాళ్ల గాలిలో 100 పాళ్లకు చేరితే కాసేపటికే ముక్కు పనిచేయడం మానేస్తుంది. వాసన పోయింది కదా, గ్యాస్ తగ్గిందనుకుని దిగితే అంతే సంగతులు.

ఆక్సిజన్ సంగతి ఇంకా మోసం. మామూలు గాలిలో అది 20.9 శాతం ఉంటుంది, 19.5 కంటే తగ్గితే ప్రమాదం కింద లెక్క. మూసి ఉంచిన ఇనుప ట్యాంకులో లోపలి గోడలు తుప్పు పట్టినా ఆక్సిజన్ తగ్గిపోతుంది, విషవాయువే ఉండక్కర్లేదు. పైగా మనకు ఊపిరాడనట్టు అనిపించేది ప్రధానంగా ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకోవడం వల్ల. ఆక్సిజన్ ఒక్కటే తగ్గితే ఆ ఇబ్బంది పెద్దగా తెలియదు. కళ్లు తిరిగాయని గ్రహించేలోపే కాళ్లు పట్టు తప్పుతాయి.

మన చట్టానికి ఇదంతా తెలియక కాదు. 2025 నవంబర్ దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టంలోని 36వ సెక్షన్ ట్యాంకులు, గుంతలు, పైపుల గురించే. లోపల వాడే చేతి దీపం 24 వోల్టులు దాటకూడదని కూడా చట్టంలో ఉండేది. భోపాల్ తర్వాత 1987లో చట్టాన్ని సవరించినప్పుడు ఈ సెక్షన్‌నూ తిరగరాశారు. అర్హుడైన వ్యక్తి స్వయంగా పరీక్షించి గ్యాస్ ప్రమాదం లేదని రాతపూర్వకంగా సర్టిఫికెట్ ఇవ్వాల్సి ఉండేది. అది లేకపోతే, దిగేవాడు శ్వాస పరికరం పెట్టుకుని, బెల్టుకు తాడు కట్టుకోవాలి, ఆ తాడు కొస బయటి మనిషి చేతిలో ఉండాలి అన్నది నియమం. ఈ రెండిట్లో ఏదో ఒకటి ఉంటే సరిపోయేది. నా దృష్టిలో లొసుగు ఇక్కడే ఉండేది. కాగితం ఉంటే తాడు అక్కర్లేకపోయేది. పొద్దున మూత దగ్గర డిటెక్టర్ పెట్టి చూసిన రీడింగ్ మధ్యాహ్నానికి చెల్లదు. అడుగున మడ్డిని కదిపితే అందులో ఇరుక్కున్న గ్యాస్ పైకి లేస్తుంది. పైన, మధ్యలో, అడుగున కొలవాలి, పని సాగినంతసేపూ కొలుస్తూనే ఉండాలి.

అమెరికాలో 1986లో నియోష్ అనే ప్రభుత్వ పరిశోధన సంస్థ ఒక హెచ్చరిక విడుదల చేసింది. ఇలాంటి చోట్ల చనిపోయేవాళ్లలో 60 శాతానికి పైగా కాపాడబోయినవాళ్లేనని అందులో రాసింది. 1993లో అక్కడి కార్మిక భద్రత సంస్థ ఓషా తెచ్చిన నిబంధన ఈ రెండో మనిషి మీద దృష్టి పెట్టింది. దిగడానికి రాతపూర్వక అనుమతి (పర్మిట్) అవసరమైన చోట మనుషులు లోపల ఉన్నంతసేపూ బయట ఒకరు కాపలా ఉండాల్సిందే. ఐదడుగుల కంటే లోతుగా నిలువునా దిగే చోట, పైకి లాగడానికి యంత్రం సిద్ధంగా ఉండాలి. బ్రిటన్ 1997 నిబంధనల ప్రకారం ప్రమాదం జరిగితే ఎలా బయటికి తీస్తారో ముందే ఏర్పాటు చేయకుండా ఎవరినీ దింపకూడదు.

గల్ఫ్ చమురు రిఫైనరీల్లో, ప్లాంటు ఆపి మరమ్మతులు చేసే షట్‌డౌన్ పనులు చేసొచ్చిన మన ఫిట్టర్లకు, వెల్డర్లకు ఈ బయటి మనిషి ‘హోల్ వాచ్’గా బాగా తెలుసు. పేరు రాసుకుని లోపలికి పంపడం, పిలుస్తూ ఉండడం, తేడా వస్తే అలారం కొట్టడం అతని పని. తాను మాత్రం దిగకూడదు. అదే మనిషి సొంతూరి దగ్గర చిన్న మిల్లులో కాంట్రాక్టు పనికి వెళ్తే అక్కడ హోల్ వాచ్ ఉండడు, మనిషిని తాడుతో పైకి లాగే మూడుకాళ్ల స్టాండు (ట్రైపాడ్) ఉండదు, నిచ్చెన ఉంటుంది. ఆ నిచ్చెన మీదుగానే రెండో మనిషి దిగేది.

2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్ పాత ఫ్యాక్టరీల చట్టం స్థానంలోకి వచ్చింది. చట్టం మారినా, చిన్న మిల్లుల్లో ట్యాంకులు కడిగించేది మాత్రం ఇప్పటికీ ఎక్కువగా రోజుకూలీల చేతే.