బల్ల మీద పచ్చిక: వార్‌గేమింగ్ మ్యాట్ గురించి అపోహలు - వాస్తవాలు

విశాఖలో టేబుల్‌టాప్ వార్‌గేమింగ్, అంటే బల్ల మీద చిన్న సైనికుల బొమ్మలతో యుద్ధాల ఆట, ఆడేవాళ్ళం గుప్పెడు మందిమే. మా ఇంటికి ఆటకొచ్చినవాళ్ళు ముందు బొమ్మల్ని చూడరు, బల్ల మీద యుద్ధభూమిలా పరిచిన గడ్డి మ్యాట్‌ను తడిమి చూస్తారు. ఆ తర్వాత వేసే ప్రశ్నల్లో సగం అపోహలే.

అపోహ: బాల్కనీలో పరిచే కృత్రిమ గడ్డి ముక్క కొంటే సరి.

ఆ పోచలు మామూలుగా 25 నుంచి 35 మిల్లీమీటర్లు ఉంటాయి. మన సైనికుడి ఎత్తే 28. యుద్ధానికొచ్చినవాడు చెరుకుతోటలో తప్పిపోయినట్టుంటుంది! 28 మి.మీ. బొమ్మకు స్కేలు దాదాపు 1:56, అంటే అసలు మనిషి కంటే 56 రెట్లు చిన్నది. ఆ లెక్కన 4 మి.మీ. పోచ అంటే పిక్కల దాకా పెరిగిన గడ్డి, 2 మి.మీ. అంటే పశువులు మేసిన బయలు. ఈ రెండూ కలిపితే చాలు.

అపోహ: గుడ్డకు తెల్ల జిగురు పూసి రంపప్పొట్టు చల్లితే మ్యాట్ తయారు.

చెక్క పలక మీదైతే అవుతుంది. గుడ్డ మీద నేనూ చేశాను, రెండు రోజులు కూర్చుని. ఆరాక చుట్టి విప్పితే అప్పడంలా పెళపెళమంది. గుడ్డ వంగుతుంది, మందంగా పూసి ఆరిన జిగురు వంగదు. వంగేది అక్రిలిక్ సీలెంట్, అంటే కిటికీ ఫ్రేముల సందులు పూడ్చేది. దాన్లో మట్టిరంగు అక్రిలిక్ పెయింటు, జల్లించిన ఇసుక కలిపి, కాన్వాస్ మీద పుట్టీ బ్లేడుతో మిల్లీమీటరు మందాన లాగాలి. ఆరడుగులకు నాలుగడుగుల మ్యాట్‌కు రెండు లీటర్ల పైనే పడుతుంది. 300 మి.లీ. ట్యూబులు ఏడెనిమిది అన్నమాట, ఇసుక కలుస్తుంది కాబట్టి ఒకటి రెండు తగ్గొచ్చు. ట్యూబు మీద సిలికాన్ అని ఉంటే మాత్రం వద్దు, దానికి రంగు అంటదు. కొట్లో రెండూ ఒకటేనంటారు, నమ్మకండి.

తడికి కాన్వాస్ ముడుచుకుంటుంది. అందుకే నాలుగు వైపులా రెండేసి అంగుళాలు ఎక్కువ ఉంచి, ప్లైవుడ్‌కు బిగించి పని మొదలుపెట్టండి. అంచులు కోసేది ఆరాకే.

అపోహ: సముద్రం పక్కనే ఉండగా ఇసుకకేం కొదవ?

బీచ్ ఇసుకలో ఉప్పుంటుంది, ఉప్పు తేమను లాగుతుంది. బొమ్మల అడుగున ఉన్న అయస్కాంతాలు, రేకులు తుప్పుపడతాయి. ఇల్లు కట్టే ఇసుకనే కడిగి, ఆరబెట్టి, టీ వడపోతలో జల్లించండి. రంగు బాగుంది కదా అని భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల జోలికి అసలు వెళ్ళొద్దు, అది జాతీయ భూవారసత్వ స్థలం. పెయింట్ల కొట్లో దొరికే రెడ్ ఆక్సైడ్ పొడి చిటికెడు కలిపితే అదే ఛాయ వస్తుంది.

అపోహ: గడ్డి అంటే పచ్చగా ఉండాలి.

మే నెలలో ఒకసారి, ఆగస్టులో ఒకసారి కైలాసగిరి వాలు చూసి రండి. ఇప్పుడు నేను పద్మనాభం యుద్ధానికి మ్యాట్ చేస్తున్నాను. విజయనగరం రాజు చిన విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సేనలతో పోరాడి నేలకొరిగింది 1794 జూలై 10న. జూలై అంటే మనకు తొలకరి దాటిన రోజులు. అందుకే అడుగున ఎర్రమట్టి ఛాయ, దాని మీద ఎండుగడ్డి రంగు, అక్కడక్కడ మాత్రమే కొత్త పచ్చ. ఒకే ఆకుపచ్చ పులిమితే బిలియర్డ్స్ బల్ల మీద రాజుగారు యుద్ధం చేసినట్టుంటుంది.

అపోహ: పోచలు నిలబెట్టే యంత్రం విదేశాల నుంచి తెప్పించాల్సిందే.

దోమల బ్యాట్ చాలు. దాని జాలీకి వెళ్ళే రెండు తీగల్లో ఒకదాన్ని స్టీలు టీ వడపోతకు, రెండోదాన్ని మేకుకు కలపాలి. సీలెంట్ ఆరాక దాని మీద పలుచని జిగురు మచ్చలు మచ్చలుగా వేసి (మచ్చలే కాబట్టి విరగదు), మేకును ఆ తడిలో ఆనించి, వడపోతలో స్టాటిక్ గ్రాస్ (గడ్డి పోచల్లాంటి సన్నని పొట్టి పీచు) పోసి బటన్ నొక్కుతూ ఊపితే పోచలు రోమాల్లా నిక్కబొడుచుకుంటాయి. ఆపేశాక కూడా బ్యాట్‌లోని కెపాసిటర్‌లో కరెంటు నిలిచి ఉంటుంది. ఆ దెబ్బ రుచి నాకు తెలుసు. కరెంటు పని రాకపోతే తెలిసినవాళ్ళతోనే మార్పించుకోండి. మన సముద్రపు గాలికి పోచలు ముద్దకడతాయి. కాసేపు ఎండలో పెట్టి వాడితే విడివిడిగా రాలతాయి.

అపోహ: దుప్పటిలా మడతపెట్టి అటక మీద పడేయొచ్చు.

మడత పడినచోట పగులుతుంది. నాలుగంగుళాల పీవీసీ పైపుకు, గడ్డి వైపు బయటికి ఉండేలా చుట్టి, పైన పాత చీర కట్టండి.