సైకాలజీ ప్రాజెక్టు, డేటా అనాలసిస్: అపోహలు - వాస్తవాలు

రాజమండ్రి, కాకినాడ, భీమవరం చుట్టుపక్కల కాలేజీల నుంచి పీజీ సైకాలజీ పిల్లలు నా దగ్గరికి వస్తుంటారు. దాదాపు అందరూ ప్రాజెక్టు ఇవ్వాల్సిన చివరి నెలలోనే వస్తారు. "సార్, ఎస్‌పీఎస్‌ఎస్‌లో వేసి రిజల్ట్ తీసిపెట్టండి" అంటారు. ఎస్‌పీఎస్‌ఎస్ అంటే డేటాని లెక్కగట్టే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్, డబ్బు పెట్టి కొనాలి. వాళ్ల నోట పదే పదే వినే మాటలు కొన్ని ఇవి.

అపోహ: మ్యాథ్స్ రానివాళ్లకి స్టాటిస్టిక్స్ రాదు.

పేరున్న స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారంత లెక్కలు అక్కర్లేదు. కూడిక, తీసివేత, సగటు తెలిస్తే మొదలుపెట్టొచ్చు. మిగతా లెక్క కంప్యూటర్ చేస్తుంది. ఏ ప్రశ్నకి ఏ పరీక్ష వాడాలో మాత్రం మీకే తెలియాలి.

అపోహ: ఎస్‌పీఎస్‌ఎస్ కొనాలి, లేదా క్రాక్ వెర్షన్ దొరకాలి.

రెండూ అక్కర్లేదు. అదే పని చేసే జమోవీ, జాస్ప్ సాఫ్ట్‌వేర్లు పూర్తిగా ఉచితం. మెనూల్లో నొక్కుకుంటూ పోవచ్చు. గుంపుల సగటుల్ని పోల్చే టి-టెస్ట్, అనోవా, రెండు విషయాల మధ్య సంబంధం చూసే కోరిలేషన్, రిగ్రెషన్ అన్నీ వాటిలో ఉన్నాయి. ఓపిక ఉన్నవాళ్లు కమాండ్లు రాసి నడిపే ఆర్ (R) నేర్చుకోవచ్చు, అదీ ఉచితమే. క్రాక్ వెర్షన్‌తో వైరస్ తెచ్చుకుని, సబ్మిషన్ ముందు ల్యాప్‌టాప్ ఫార్మాట్ చేయించుకోవడం ఎవరికి కావాలి చెప్పండి!

అపోహ: డేటా ఎక్కిస్తే మిగతాది సాఫ్ట్‌వేరే చూసుకుంటుంది.

అదేమీ చూసుకోదు. ఎక్కువ ప్రాజెక్టులు పాడయ్యేది ఇక్కడే. ఒత్తిడిని కొలిచే పర్సీవ్డ్ స్ట్రెస్ స్కేల్‌నే తీసుకోండి. పది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 4 వరకు మార్కులు. అందులో 4, 5, 7, 8 ప్రశ్నలు "అంతా బాగానే నడుస్తోంది" అనే తరహావి. వాటికి ఎక్కువ మార్కు పడితే ఒత్తిడి తక్కువని అర్థం. కాబట్టి ఆ నాలుగింటి మార్కుల్ని 4లోంచి తీసేసి, ఆ తర్వాతే మొత్తం కూడాలి. ఈ పని మరిచిపోయినా సాఫ్ట్‌వేర్ కిక్కురుమనదు, తప్పు టోటల్‌నే నీట్‌గా టేబుల్‌లో పెట్టి ఇస్తుంది. క్రాన్‌బాక్ ఆల్ఫా (ప్రశ్నలన్నీ ఒకదానితో ఒకటి ఎంత పొంతనగా ఉన్నాయో చెప్పే అంకె) మరీ తక్కువగానో, మైనస్‌లోనో వస్తే ముందు చూడాల్సింది ఇదే.

ఇంకోటి, వయసు లాంటి ప్రశ్నకి జవాబు రాయనివాళ్లకి 99 అని కొట్టే అలవాటు. అది మిస్సింగ్ వేల్యూ, అంటే జవాబు లేదనే గుర్తు అని సాఫ్ట్‌వేర్‌కి చెప్పకపోతే, ఆ 99ని కూడా వయసుగానే లెక్కేస్తుంది. 60 మందిలో 57 మందికి 20 ఏళ్లు, ముగ్గురికి 99 అనుకోండి. సగటు వయసు దాదాపు 24 చూపిస్తుంది. డిగ్రీ పిల్లలకి 24 ఏళ్లేమిటని అనుమానం రావాలి. వచ్చేవాళ్లు తక్కువ.

అపోహ: పీ వేల్యూ 0.05 కంటే తక్కువ వస్తే సిద్ధాంతం రుజువైనట్టే.

అసలు తేడాయే లేదనుకుంటే, ఇలాంటి ఫలితం గానీ ఇంతకంటే విపరీతమైనది గానీ వచ్చే అవకాశం ఎంతో చెప్పేదే పీ వేల్యూ. మీ సిద్ధాంతం నిజమయ్యే అవకాశం ఎంతో అది చెప్పదు. వెయ్యిమంది డేటాలో 0.08 కోరిలేషన్ వచ్చినా పీ వేల్యూ 0.05 కిందే ఉంటుంది. కానీ మనిషికీ మనిషికీ మధ్య మార్కుల్లో ఉండే తేడాల్లో ఆ సంబంధం వివరించేది ఒక్క శాతం కూడా కాదు. అందుకే ఎఫెక్ట్ సైజ్, అంటే ఆ తేడా గానీ సంబంధం గానీ ఎంత పెద్దదో కూడా రాయమంటాను. అన్నట్టు, పాత ఎస్‌పీఎస్‌ఎస్ .000 అని చూపిస్తే దాన్ని అలాగే దింపేయకండి. అది సున్నా కాదు, "0.001 కంటే తక్కువ" అని రాయాలి.

అపోహ: కోరిలేషన్ వచ్చిందంటే కారణం దొరికినట్టే.

భీమవరం వైపు రొయ్యల రైతుల్ని సర్వే చేశారనుకోండి. ఒత్తిడి ఎక్కువున్నవాళ్లకి నిద్ర తక్కువని తేలింది. "ఒత్తిడి వల్లే నిద్ర పట్టడం లేదు" అని రాసేస్తారు. కానీ తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ పడిపోతుంది. ఆ వేళ కరెంటు పోయి ఏరేటర్లు (నీళ్లలోకి గాలి ఎక్కించే యంత్రాలు) ఆగితే పంట మొత్తం పోవచ్చు, అందుకే గట్టు మీద మనిషి మేలుకునే ఉంటాడు. నిద్ర చెడగొట్టేదీ ఒత్తిడి పెంచేదీ ఆ కాపలాయే కావచ్చు కదా! రాత్రి కాపలా ఎవరిదని ప్రశ్నాపత్రంలో అడగకపోతే, ఆ సంగతి ఏ సాఫ్ట్‌వేరూ తవ్వి తీయలేదు.

అపోహ: సిగ్నిఫికెంట్ (పీ వేల్యూ 0.05 కంటే తక్కువ) రాకపోతే ప్రాజెక్టు ఫెయిల్.

ఈ భయంతోనే కొందరు ఇద్దరు ముగ్గురిని డేటాలోంచి తీసేసి మళ్లీ రన్ చేస్తారు, వచ్చేదాకా. 2015లో వంద సైకాలజీ అధ్యయనాల్ని మళ్లీ చేసి చూస్తే, 36 శాతంలోనే సిగ్నిఫికెంట్ ఫలితం తిరిగొచ్చింది. అసలు అధ్యయనాల్లో అది 97 శాతం. కనిపించేదాకా వెతికే ఈ అలవాటు కూడా అందుకు ఒక కారణమని చాలామంది పరిశోధకుల అభిప్రాయం. రాకపోతే రాలేదనే రాయండి. శాంపిల్ ఎంత, ఎఫెక్ట్ సైజ్ ఎంత, కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ (అసలు విలువ ఉండొచ్చని అంచనా వేసే హద్దులు) ఎక్కడి నుంచి ఎక్కడిదాకా ఉందో చూపించండి. వైవాలో అడిగితే దాచకుండా అదే చెప్పండి.