ఫిల్లీ, యాడ్: ఆడగుర్రం పేర్ల మీద అపోహలు - వాస్తవాలు

పదాల పుట్టుకే మా పని కాబట్టి ఈ పేర్లు ఎక్కణ్ణుంచి వచ్చాయన్న ప్రశ్న ఎప్పుడూ ఎదురవుతుంది, ఒక్కచోట రాసి పెడుతున్నా.

అపోహ: స్కాట్స్‌లో (స్కాట్లాండ్‌లో మాట్లాడే, ఇంగ్లిష్‌కి దగ్గరి భాష), ఇంగ్లిష్‌లో పడుచు ఆడగుర్రాన్ని ఫిల్లీ అంటారు కదా, అది ‘కూతురు’ అనే ఫ్రెంచ్ మాట ‘ఫీయ్’ నుంచే వచ్చింది.

వాస్తవం: కానే కాదు. ఇది పాత నార్స్, అంటే వైకింగుల భాష, మాట ‘ఫ్యుల్యా’. గుర్రప్పిల్లని ఫోల్ అంటారే, దానికి ఆడరూపం. మరి ‘ఓ’ ఉండాల్సిన చోట ‘ఇ’ ఎందుకుంది? ‘ఫ్యుల్యా’లో వెనకున్న ‘య’ ముందున్న అచ్చుని తన వైపు లాక్కుంది. ఫాక్స్‌కి ఆడరూపం విక్సెన్ అయిందీ ఇలాంటి మార్పుతోనే. మన ‘పులికి’లో ‘కు’ కాస్తా ‘కి’ అయినట్టే, కాకపోతే అక్కడ ముందున్న ‘ఇ’ వెనకున్న అచ్చుని లాక్కుంది. వినడానికి ఒకేలా ఉందని చుట్టరికం కలిపేస్తే ఈ అచ్చు చెప్పే సాక్ష్యమంతా గాలికి పోతుంది, నాకు బాధ అక్కడే. పైగా ఫోల్‌నీ మన ‘పుత్ర’నీ ఒకే మూలధాతువు కింద చూపించే నిఘంటువులున్నాయి!

1786లో అచ్చైన కిల్మార్నక్ కవితా సంపుటిలో స్కాట్లాండ్ కవి రాబర్ట్ బర్న్స్ ఓ ముసలి రైతు చేత తన ముసలి గుర్రం మ్యాగీతో, ఒకప్పుడు నువ్వు దిట్టమైన, చురుకైన ఫిల్లీవి అనిపిస్తాడు.

అపోహ: ఇలాంటి నార్స్ మాటలన్నీ వైకింగులు నేరుగా స్కాట్లాండ్‌లో దిగి ఇచ్చినవే.

వాస్తవం: ఆర్క్నీ, షెట్లాండ్ దీవుల్లో సరే. మిగతా స్కాట్స్‌లోకి ఎక్కువ భాగం, వైకింగులు ముందే స్థిరపడ్డ ఉత్తర ఇంగ్లండ్ నుంచి వలస వచ్చినవాళ్ల నోట చేరాయి.

అపోహ: స్కాట్స్ ‘యాడ్’ అంటే మొదటి నుంచీ చచ్చుగుర్రమే.

వాస్తవం: దీని మూలం నార్స్ ‘యాల్డా’, దానికి అర్థం ఉత్త ఆడగుర్రం, అంతే. తిట్టు తర్వాత అంటుకుంది. 1500 ప్రాంతంలో స్కాట్లాండ్ రాజు నాలుగో జేమ్స్ కొలువులోని కవి విలియం డన్‌బార్ తనని ముసలి గుర్రంతో పోల్చుకుంటూ రాజుకి పెట్టుకున్న అర్జీలో ఈ మాట వాడేటప్పటికే అందులో అలసట ఉంది. ఇంగ్లిష్ ‘జేడ్’ కూడా బహుశా దీని చుట్టమే, అదీ బక్కగుర్రం నుంచి ఆడవాళ్లని తిట్టే మాట దాకా దిగజారింది. జేడెడ్ అంటే విసిగి వేసారినవాడు, అది ఆ గుర్రం అలసటే. పచ్చరాయి జేడ్ మాత్రం వేరు, అది స్పానిష్ నుంచి వచ్చింది.