కారుకు తలంటు

బుజ్జీ, చిన్నోడా,

దసరా సెలవులు అయిపోయి మీరు పోయినంక ఇల్లు బోసిపోయింది. మీ నానమ్మ ఇంకా అలవాటు కొద్దీ అన్నం ఎక్కువే వండుతోంది. నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి, బుజ్జి ఒక ప్రశ్న అడిగింది, నాకు రాలేదు, నువ్వే చెప్పు అన్నాడు. పండుగనాడు వాన పడ్డప్పుడు మన కారు మీద నీళ్లు గోలీల్లాగా నిలబడ్డాయి, పక్కింటి కారు మీద మాత్రం చాప పరిచినట్టు పరుచుకున్నాయి, పడ్డది ఒకటే వాన కదా తాతా, ఎందుకట్లా అని. ఫోన్లో చెబుదామంటే రెండు నిమిషాలకే నువ్వు తమ్ముడి చేతికి ఇచ్చేస్తావు, వాడేమో వినకుండా కట్ చేస్తాడు. అందుకే కూర్చొని రాస్తున్నా.

పండుగ పొద్దున నానమ్మ మీకు తలంటు పోసింది కదా, అది గుర్తుపెట్టుకో. అదే సమయానికి బయట నేను కారుకు పోస్తున్నది కూడా తలంటే. నలభై ఏళ్లు రకరకాల బండ్లు కడిగినవాణ్ని చెబుతున్నా, రెండింటికీ పెద్ద తేడా లేదు.

నానమ్మ మొదట ఏం చేసింది? తల తడిపింది. పొడి తల మీద ఎవరూ కుంకుడు రసం పెట్టి రుద్దరు. కారుకూ ముందు మగ్గుతో పైనుంచి కిందికి నీళ్లు పోసి దుమ్మంతా కారిపోనివ్వాలి. అప్పటిదాకా గుడ్డ ముట్టించొద్దు. ఈ ముక్క నాకు తెలియక, కారు కొన్న మొదటి సంవత్సరం రోజూ పొద్దున్నే పొడిగుడ్డతో టకటకా తుడిచేవాణ్ని, శుభ్రంగా ఉంచుతున్నానని మురిసిపోతూ. మన నల్లగొండ దుమ్ము మెత్తగా కనిపిస్తుంది గానీ అది చల్క మట్టి. చల్క మట్టి అంటే గ్రానైటు బండలు వేల ఏళ్లు అరిగి అరిగి రాలిన ఇసుక రవ్వలు, గాజు మీద గీత పెట్టగలిగినంత గట్టివి. ఆరు నెలలకు ఒకరోజు ఎండ ఏటవాలుగా పడ్డప్పుడు బానెట్ వైపు చూస్తే ఏముంది, సాలీడు గూడు అల్లినట్టు సన్నటి గీతలు, సూర్యుడి చుట్టూ గుండ్రంగా. నల్ల కారు కదా, ఏదీ దాచుకోదు. ఎవరో పిల్లలు గీశారని వాకిట్లో నిలబడి అరిచాను కూడా. గీసింది నేనే.

ఆ గీతలు ఎక్కడ పడతాయో చెబుతా. నోట్‌బుక్‌లోంచి ఒక కాగితం చింపి వేళ్ల మధ్య పట్టుకో. కారు రంగు మీద పారదర్శకంగా ఒక పొర ఉంటుంది, క్లియర్ కోట్ అంటారు, దాని మందం ఆ కాగితంలో సుమారు సగం. లెక్కలో చెప్పాలంటే 40, 50 మైక్రాన్లు. కారు మెరుపంతా ఆ సగం కాగితంలోనే ఉంది, మనం రుద్దేదీ దాన్నే.

తర్వాత షాంపూ. కార్లకని విడిగా అమ్ముతారు, అదే వాడాలి. గిన్నెల సబ్బు నురగ బాగానే వస్తుంది గానీ, అది పుట్టిందే జిడ్డు వదిలించడానికి. నువ్వు కష్టపడి రాసిన మైనం కూడా దాని లెక్కలో జిడ్డే, కొంచెం కొంచెంగా లాగేస్తుంది. బకెట్లు రెండు పెట్టుకోవాలి, ఒకదాంట్లో షాంపూ నీళ్లు, ఇంకొకదాంట్లో మంచినీళ్లు. గుడ్డను ప్రతిసారీ మంచినీళ్లలో జాడించి, ఆ తర్వాతే షాంపూలో ముంచాలి. చిన్నోడా, నువ్వు జాడించకుండా నేరుగా ముంచావని కసిరాను కదా, ఏడ్చావు కూడా. ఆ బకెట్ వంపేటప్పుడు అడుగున ఏముందో చూపించాను గుర్తుందా? చెంచాడు ఎర్ర ఇసుక. అదంతా మళ్లీ కారు మీదికి ఎక్కేదే.

చక్రాలకు వేరే గుడ్డ, అదీ వేరే బకెట్లో. ఇది నేను ఏ వీడియోలోనూ నేర్చుకోలేదు, మా నాయిన దగ్గర నేర్చుకున్నా.

మా చిన్నప్పుడు కార్లెక్కడివి. రెండు ఎడ్లుండేవి, ఒకటి తెల్లది, ఇంకొకటి బూడిద రంగుది. ఏరువాక పున్నానికి ఎడ్లను చెరువుకు తోలుకపోయి కడిగి, కొమ్ములకు రంగులేసి, మెడలో గజ్జెలు కట్టి ఊళ్లో తిప్పేవాళ్లు. నాకు అప్పుడు తొమ్మిదేళ్లుంటాయి. అందరి ఎడ్లకన్నా మా తెల్లెద్దే మెరవాలని నా పంతం. ఇంట్లో మా అవ్వ ఇత్తడి బిందెను చింతపండు, ఇసుక పెట్టి తోమితే తళతళలాడటం చూసినవాణ్ని కదా, చెరువు ఒడ్డున తడి ఇసుక గుప్పెడు తీసి దాని వీపు మీద బరబరా రుద్దాను. రెండో గుప్పెడు దాకా ఊరుకుంది. మూడోదానికి ఒక్కటి తన్నింది, పోయి బురదలో పడ్డాను. మా నాయిన నన్ను లేపలేదు, ముందు ఎద్దు వీపు నిమిరాడు. "బిందె అనుకున్నావురా, తోలు రా అది" అన్నాడు. తర్వాత వరిగడ్డి చుట్టగా చుట్టి, నీళ్లలో ముంచి, వెంట్రుకలు ఎటు వాలితే అటే వీపు మీదినుంచి కడుపు దాకా ఒకే దిక్కుకు తుడుచుకుంటూ వచ్చాడు. కాళ్లు ఆఖర్న కడిగాడు. ఆ గడ్డిచుట్టను అక్కడే పారేశాడు. కాళ్లకు బురద ఉంటది, అది ముట్టిన గడ్డి మళ్లీ వీపు ముట్టొద్దు, అంతే. గుడ్డను గుండ్రంగా తిప్పొద్దు, నిలువుగానే తుడవాలి అని మీకు పదిసార్లు చెప్పానే, అది ఆ గడ్డిచుట్ట మాటే.

తలంటు తర్వాత నలుగు. కారు భాషలో దాని పేరు పాలిష్. చాలామంది పాలిష్ అన్నా వ్యాక్స్ అన్నా ఒకటే అనుకుంటారు, మీ నాన్న కూడా. పాలిష్‌లో కంటికి కనిపించనంత సన్నటి రవ్వ ఉంటుంది, సున్నిపిండిలో పెసరపొట్టు ఉన్నట్టు. అది గీతల అంచులను అరగదీసి నున్నగా చేస్తుంది, అంటే ఆ సగం కాగితంలోంచి కొంచెం తీసేస్తుంది. హనుమకొండలో వేయిస్తంభాల గుడికి తీసుకుపోయినప్పుడు ఆ నల్లరాతి స్తంభాలను చేత్తో నిమిరి అద్దంలాగా ఉంది తాతా అన్నావు. ఆ నునుపంతా రాతిని అరగదీసి, అరగదీసి తెచ్చిందే. గరుకుగా ఉంటే వెలుతురు చెల్లాచెదురై పోతుంది, నున్నగా ఉంటే చెదరకుండా ఒకే దిక్కుకు తిరిగి కంటికి చేరుతుంది, మెరుపంటే అదే. కాకపోతే రాతి స్తంభానికి మూరెడు మందం ఉంది, కారుకు లేదు. అందుకే పాలిష్ ఏడాదికోసారి, అదీ అవసరమైతేనే. రోజూ నలుగు పెడితే ఒళ్లు మెరవదు, తోలు లేస్తుంది.

ఆ తర్వాత నూనె, అంటే కారుకు వ్యాక్స్, మన మైనం. ఇక్కడ నా పోలిక కొంచెం కుంటుతుంది, నాకు తెలుసు, ఎందుకంటే నానమ్మ నూనె ముందు పెట్టి తలంటు తర్వాత పోస్తుంది, కారుకేమో స్నానమయ్యాక పెట్టాలి. నానమ్మ కారేదాకా పెడుతుంది, కారుకు పలచగా, ఉందా లేదా అన్నట్టు పెట్టాలి. సరే, ఇంతదూరం వచ్చాం కదా, పోలిక వదలను. మైనం రాశాక కాసేపు ఆగితే మసక కడుతుంది, వేలితో గీస్తే శుభ్రంగా లేచొస్తే అప్పుడు మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచెయ్యాలి. ఇదంతా నీడలో, బానెట్ చల్లగా ఉన్నప్పుడే. నల్లటి ప్లాస్టిక్ బంపర్‌కు మాత్రం రాయొద్దు, తెల్లటి చారలు పడితే ఒక పట్టాన పోవు, మన కారు వెనక చూడండి, నా నిర్వాకం ఇంకా అట్లనే ఉంది.

ఆ మైనం ఎక్కడిదనుకున్నారు? డబ్బాలో ఇంకా ఏవేవో కలుస్తాయి గానీ, అందులో పేరున్నది కార్నౌబా. బ్రెజిల్ దేశంలో ఈశాన్య మూలన సియారా, పియావీ అనే రాష్ట్రాలున్నాయి, మన దేవరకొండ, పాలమూరు లాగానే వానలు నమ్మకంగా పడని నేల. అక్కడ పెరిగే ఒక చెట్టు అది, మన తాడిచెట్టుకు చుట్టం, ఆకు కూడా విసనకర్రలాగే ఉంటుంది. ఎండకు లోపలి తడి ఆరిపోకుండా అది తన ఆకుల మీద తానే మైనం పూసుకుంటుంది. అక్కడివాళ్లు ఆ ఆకులు కోసి, ఎండబెట్టి, కొడితే పొడి పొడిగా మైనం రాలుతుంది. తేనెమైనం 62, 64 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది, ఇది 80 దాటితేగాని కరగదు. మే నెల మిట్టమధ్యాహ్నం మన బానెట్ మీద చెయ్యి పెట్టి చూసినవాడికి ఆ తేడా విలువ తెలుస్తుంది. ఎక్కడో కరువు నేల మీద ఒక చెట్టు తన నీళ్లు తాను కాపాడుకోవడానికి చేసుకున్న ఉపాయం, సముద్రాలు దాటి వచ్చి, మన వాకిట్లో వేపచెట్టు కింద ఒక పాత కారును కాపాడుతోంది. మొన్న డబ్బా మూత తీసినప్పుడల్లా నేను ఎందుకు వాసన చూస్తున్నానని చిన్నోడు నవ్వాడు కదా, ఇదిరా సంగతి.

ఇప్పుడు బుజ్జి ప్రశ్న. మన చుట్టాల పెళ్లికి కాకుండా, ఎవరూ తెలియని పెళ్లికి పోయామనుకో. ఎవరూ పలకరించరు, అప్పుడు మనవాళ్లు నలుగురం ఏం చేస్తాం? ఒక మూలకు దగ్గరదగ్గరగా కుర్చీలు జరుపుకొని కూర్చుంటాం. నీటి చుక్క కూడా అంతే. చుక్కలోని నీళ్లకు ఒకదాన్నొకటి పట్టుకొని ఉండే గుణం ఉంది. మైనం నీళ్లను పలకరించదు, అందుకని నీళ్లన్నీ తమలో తామే ముడుచుకొని గోలీ అవుతాయి. పక్కింటి కారు మీద మైనం లేదు, పైగా దుమ్ము పట్టి ఉంది, అక్కడ నీళ్లకు బోలెడు పలకరింపులు, అందుకే పరుచుకున్నాయి. రెండు మూడు నెలలకు మన మైనం అరిగిపోతుంది, అప్పుడు మన కారు మీదా చాపలాగే పరుచుకుంటాయి. మళ్లీ రాయాల్సిన రోజు వచ్చిందని అట్లనే తెలుసుకుంటా.

గోలీలు అందంగా ఉన్నాయని అట్లనే ఆరిపోనివ్వకూడదు. వాన నీళ్లయితే ఫరవాలేదు, మన బోరు నీళ్లయితే ప్రతి గోలీ ఆరినచోట ఒక తెల్లటి ఉంగరం మిగులుతుంది, నీళ్లు కాచే గిన్నె అడుగున పేరుకుంటుందే, ఆ సున్నమే. నేను డాబా మీది వాన నీళ్లు డ్రమ్ములో పట్టి ఆఖరి కడుగుడుకు దాచుకునేది అందుకే. మన జిల్లాలో నీళ్ల కథ సున్నంతో అయిపోలేదు, ఆ బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ తాగి ఎముకలు వంగిపోయినవాళ్లను నేను మా ఊళ్లోనే చూశాను, నాకన్నా చిన్నవాళ్లను. పటిక, సున్నం వేసి నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగపూర్‌లోని నీరి అనే పరిశోధన సంస్థ తయారు చేసింది, ప్రపంచమంతా దాన్ని నల్లగొండ టెక్నిక్ అంటారు. ఊరి పేరు పుస్తకాల్లోకి ఎక్కిన తీరు అది. ఇప్పుడు నల్లాలో కృష్ణ నీళ్లు వస్తున్నాయి, అయినా నేను పైపు పెట్టి కారు కడగను. మూడు బకెట్లు, ఒక మగ్గు. మీరు కూడా మీ అపార్ట్‌మెంట్‌లో అట్లనే కడగండి, వాచ్‌మన్ పైపు ఇస్తానన్నా సరే.

ఇంకొక్కటి. పండుగనాడు పాలపిట్ట కనబడితే శుభమే, అదే పిట్ట బానెట్ మీద రెట్ట వేస్తే మాత్రం ఆరేదాకా ఆగొద్దు. అందులోని ఆమ్లం ఎండకు రంగును తింటుంది, మైనం ఉన్నా పూర్తిగా ఆపలేదు. గోరుతో గీకకుండా తడిగుడ్డ ఐదు నిమిషాలు పరిచి, మెత్తబడ్డాక ఎత్తెయ్యండి.

బుజ్జీ, ఆ పెళ్లి పోలిక తప్ప నాకు ఇంకేం తెలియదు, లోపలి సంగతి మీ సైన్స్ టీచర్‌ను అడుగు. దానికంటే ముందు ఒక పని చెయ్యి. మీ అపార్ట్‌మెంట్ వెనక నల్లా దగ్గర చామగడ్డ మొక్కలున్నాయి, పోయినసారి చూశాను. ఒక ఆకు మీద చెంచాడు నీళ్లు పోసి అటూ ఇటూ వంచు. ఆ చుక్క మన కారు మీది చుక్క కన్నా గుండ్రంగా ఉంటుంది, ఆకును తడపకుండానే జారిపోతుంది. తర్వాత అదే ఆకును బకెట్ నీళ్లలో ముంచి ఏటవాలుగా చూడు, పచ్చటి ఆకు వెండిలాగా కనిపిస్తుంది. బయటికి తీస్తే పొడిగా ఉంటుంది. తమ్ముణ్ని కూడా పిలువు. ఏం చూశారో ఇద్దరూ విడివిడిగా రాసి పంపండి, ఒకరిది చూసి ఇంకొకరు రాయొద్దు.

నా పచ్చ మైక్రోఫైబర్ గుడ్డ కనిపించట్లేదు, మీ బ్యాగులో వచ్చిందని నానమ్మ అంటోంది. చిన్నోడు దాంతో సైకిల్ చైన్ తుడవకముందే దాచిపెట్టు.

మీ తాత